రెప్పల పందిరి

కొత్త వస్తువు ఒకటి వాడుకలోకి వచ్చినప్పుడు దానికి మన మాటలో ఒక పేరు దొరికేదాకా తెలుగు పండితుడికి నిద్ర పట్టదు. పట్టకూడదు కూడా. పేరు లేని వస్తువును గురించి వాదించలేము, బేరమాడలేము. అమ్మేవాడు చెప్పిన పేరుతో, వాడు చెప్పిన ధరకు పుచ్చుకోవలసిందే. నగరాలలో మేడల మీదా, నగర శివార్లలోని తోట ఇళ్ల ముందూ ఈమధ్య వెలుస్తున్న ‘లూవర్ రూఫ్’ను గురించి నాలుగు మాటలు చెప్పబోతూ ముందుగా దానికి నామకరణం చేస్తున్నాను: రెప్పల పందిరి. ఇంతకంటె మంచి పేరు తట్టినవారు చెబితే సంతోషంగా స్వీకరిస్తాను.

చూడనివారి కోసం అదేమిటో చెబుతాను. కాజీపేట నుండి డోర్నకల్లు వైపు ప్యాసింజరు బండిలో వెళ్లినవారందరూ పెట్టె కిటికీకి ఉండే రేకు తలుపును ఎరుగుదురు. వాలుగా అమర్చిన సన్నని పలకలు ఎండను ఆపుతాయి, గాలిని రానిస్తాయి. అయితే ఆ పలకలు కదలవు. పాత కచేరీలలో, బంగళాలలో ఇంకొక రకం కొయ్య కిటికీలుండేవి. పలకల నడుమ నిలువుగా ఒక సన్నని కర్ర ఉండేది. దాన్ని ఒకవైపు నెడితే పలకలన్నీ ఒక్కసారిగా మూసుకునేవి, మరొకవైపు లాగితే తెరుచుకునేవి. ఆ కిటికీని గోడనుండి తీసి నాలుగు స్తంభాల మీద పడుకోబెట్టినట్లు ఊహించుకోండి. కొయ్యకు బదులు అల్యూమినియం, చేతికి బదులు మోటారు. పలకలు నిటారుగా నిలిచినప్పుడు ఆకాశం కనబడుతుంది. ఏటవాలుగా ఒరిగినప్పుడు నీడ పడుతుంది, కింద చేరిన వేడిగాలి సందులలోంచి పైకి పోతుంది. పూర్తిగా వాలినప్పుడు ఒకదాని అంచు మీద మరొకటి కూర్చుని, వాన నీటిని పక్కనున్న కాలువలోకీ, అక్కడినుండి స్తంభంలోని గొట్టంలోకీ దింపుతాయి. చినుకును పసిగట్టే సాధనం అమర్చినవైతే ఇంట్లో ఎవరూ లేకపోయినా వాన రాగానే తమంతట తామే మూసుకుంటాయి.

పలక అంచున నీటిని పట్టే చిన్న గాడి ఉంటుంది. దాన్ని చూడగానే నాకు మన గూనపెంకుల కప్పు గుర్తుకు వచ్చింది. ఒక వరుస పెంకులు వెల్లకిలా పడుకొని నీటిని మోస్తాయి. వాటి సందుల మీద మరొక వరుస బోర్లా పడుకొని నీటిని వాటిలోకి తోస్తుంది. సూత్రం అదే. మన కుమ్మరి చక్రం మీద తయారైన సూత్రమే ఇప్పుడు పరాయి పేరుతో, పొడి రంగు పూసుకొని వచ్చింది. కాకపోతే మన పెంకు లేవలేదు, ఇది లేస్తుంది. ఆ ఒక్క గుణాన్నీ మనం గౌరవించాలి.

ఆ పరాయి పేరుకు కూడా ఒక చరిత్ర ఉంది. మధ్యయుగాలలో ఐరోపావారి పెద్ద ఇళ్లలో నట్టింట నెగడు వెలిగించేవారు. పొగ పోవడానికి కప్పు నడినెత్తిన పక్కలు తెరచిన చిన్న గోపురం వంటిది కట్టేవారు. పాత ఫ్రెంచి నుండి ఇంగ్లీషులోకి వచ్చిన ఈ మాట మొదట ఆ గోపురానికే పేరు. మన పొగగూడు లాంటిదన్నమాట. కప్పు మీద పుట్టిన మాట శతాబ్దాలపాటు కిటికీలలో కాపురముండి మళ్లీ కప్పు మీదికే చేరింది. మాటలకూ పుట్టింటి మీద మమకారం ఉంటుందేమో!

ఇక మన సంగతికి వద్దాం. జనగామ, మానుకోట, భూపాలపల్లి ప్రాంతాలలో మనిషి బతుకులో సగం ఇంటి బయటే గడుస్తుంది. మానుకోటను ఇప్పుడు కాగితాల మీద మహబూబాబాదు అంటున్నారు, మా నోళ్లకు మాత్రం మానుకోటే. మా వైపు వాకిలి అంటే గుమ్మం కాదు, ఇంటి ముందటి ఖాళీ స్థలం. అక్కడే స్నానం, అక్కడే వంట, అక్కడే మిరపకాయల ఆరబోత, అక్కడే పంచాయితీ, అక్కడే నిద్ర. గదులు సామానుకూ, పురుళ్లకూ, జ్వరాలకూ. ఇటువంటి బతుకుకు పైనుండే కప్పు ఏడాది పొడుగునా ఒకేలా ఉంటే కుదరదు. రోహిణి కార్తెలో నీడ కావాలి, మృగశిర దాటాక చినుకునుండి చాటు కావాలి, పుష్యమాసంలో ఎండ పొడ కావాలి, రాత్రి చుక్కలు కావాలి.

మన పెద్దలు దీనికి పంచాంగంతో సమాధానం చెప్పారు. శ్రీరామనవమి నాటికి వాకిట్లో గుంజలు పాతి, వెదురు బొంగులు పరచి, తాటికమ్మలు కప్పి చలువ పందిరి వేసేవారు. తొలకరి పడ్డాక విప్పేవారు. మా ఇంటి పందిరి మీద జొన్న చొప్ప కట్టలు పేర్చేవాళ్లం. ఎండలు ముదిరే కాలానికి కప్పు దట్టంగా ఉండేది. ఎద్దులు రోజూ ఇన్ని కట్టలు తింటూ రాగా, వానలు పడేనాటికి పందిరి పల్చబడి దానంతట అదే తెరుచుకునేది. భూపాలపల్లిలో ఉద్యోగం చేసిన నాలుగేళ్లూ నేను అద్దెకున్న ఇంటి ముందు మేదరులు అల్లిన వెదురు తడక ఉండేది. పొద్దున దించేవారు, పొద్దుగూకాక చాపలా చుట్టి చూరుకు కట్టేవారు. దానికి మోటారు లేదు, ఇంటావిడ రెండు చేతులే మోటారు. కనుక కప్పు తెరుచుకోవడం, మూసుకోవడం మనకు కొత్త కాదు. మనం మరచిపోయిన పనిని మరొకడు యంత్రంతో చేసి చూపిస్తున్నాడు, అంతే.

కాస్త ఉన్నవాళ్లకు భవంతి ఇళ్లుండేవి. కోస్తావారు మండువా లోగిలి అనేది దాదాపు అదే. నాలుగు వైపులా సాయబాన్లు, నడుమ ఆకాశం. పగలంతా కాగిన రాతి పరపు రాత్రి తన వేడిని సూటిగా ఆకాశానికి అప్పజెప్పేది, తెల్లవారేసరికి ఇల్లు చల్లబడేది. ఈ భవంతులను తలచుకొని కన్నీరు పెట్టే వ్యాసాలు చాలా వస్తున్నాయి. నేను ఆ కోవకు చెందను. భవంతి కొందరిది, గుడిసె అందరిదీ. గుడిసెవాడికి భవంతి అంటే ఇంటి ముందటి వేపచెట్టు. కాబట్టి ‘పాత ఇళ్లే మేలు’ అనే పాట ఇక్కడ పాడబోవడం లేదు. మారే కప్పు ఉన్నవాడికీ లేనివాడికీ ఏదో ఒక రూపంలో ఉండేదనీ, ఇప్పుడు ఇద్దరికీ లేదనీ మాత్రమే నా వాదన.

ఎందుకు లేదు? జవాబు ఒక్క మాటలో చెప్పవచ్చు: కోతులు. పట్నవాసులు దీన్ని హాస్యమనుకుంటారు. మా పల్లెలలో ఎవరినైనా అడగండి. అడవులు పలచబడి కోతులు ఊళ్లమీద పడ్డాక గూనపెంకుల ఇంటికి బతుకు లేకుండా పోయింది. ఒక మంద పొద్దున్నే కప్పెక్కితే సాయంత్రానికి వందల పెంకులు ముక్కలు. సర్దే పనివాళ్లు దొరకరు, పెంకు చేసే కుమ్మరి ఎప్పుడో వేరే పనికి పోయాడు. దాంతో ఇంటి మీదా, వాకిలి మీదా, భవంతి నడుమా రేకులు పరిచారు. ఎవరినీ తప్పు పట్టలేము. కాని రేకు ఒకసారి పడితే పడ్డదే. మే నెలలో అదే, డిసెంబరులో అదే, పున్నమి రాత్రీ అదే.

మానుకోట దగ్గరి పల్లెలో మా అక్క ఉంటుంది. డెబ్బై ఎనిమిదేళ్లు. పిల్లలు మంచివాళ్లే. కోతుల బాధ పడలేక, కారు నిలపడానికీ పనికివస్తుందని ఆమె వాకిలినంతా నీలం రంగు రేకులతో కప్పించారు. తరువాత నేను వెళ్లినప్పుడు నడిమధ్యాహ్నం ఆమె ఇంట్లో లేదు. నాలుగిళ్ల అవతల వేపచెట్టు కింద కూర్చొని ఉంది. “ఇంట్ల ఉండరాదా అక్కా?” అంటే, “ఇల్లు గుడ్డిదైంది తమ్మీ” అన్నది. ఎండ పొడ లేదు, వాన జల్లు లేదు, రాత్రి పొద్దెంతయిందో చుక్కను చూసి చెప్పుకునే వీలు లేదు. నేను పెట్టిన పేరులోని రెప్ప ఆమె మాటలోంచి పుట్టిందే. రెప్పలు ఎప్పుడూ మూసుకొనే ఉన్న కన్ను ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఇది ముసలివాళ్ల చాదస్తమని తోసిపుచ్చేవారికి ఇంకొక సంగతి చెప్పాలి. రేకు ఎండకు కాగి, తాగిన వేడినంతా కిందికి వెదజల్లుతుంది. కింద ఉన్నవాడికి ఎండ తగలదు కాబట్టి నీడలోనే ఉన్నాననుకుంటాడు. నిజానికి పెనం కింద కూర్చున్నట్లే. తాటికమ్మల పందిరి కింద ఈ బాధ లేదు. కమ్మకూ కమ్మకూ మధ్య గాలి ఆడుతుంది, వేడి నిలవదు. భూపాలపల్లిలో కాకతీయ ఖనులలో రాత్రి షిఫ్టు చేసి వచ్చిన కార్మికుడు నిద్రపోవలసింది పగలే. పదకొండు గంటల వేళ రేకుల కింద మంచం వేసుకొని దొర్లేవారిని నా కళ్లతో చూశాను. మళ్లీ ఆ రాత్రి భూమి లోపలికి దిగవలసిన మనిషి అతడు. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి రెండు వేల మందికి పైగా మరణించారు. పొలాలలో, దారులలో పడిపోయినవారిని గురించి పత్రికలు రాశాయి. మంచాలలో పోయినవారి తలల మీద ఏ కప్పు ఉన్నదో ఎవరూ రాయలేదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనను. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులను వేడిని తిప్పికొట్టేవిగా మార్చాలని అందులోని లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ, 600 గజాలకు తక్కువ కాని స్థలాలలో కట్టే నివాసాలకూ నిర్బంధం, అంతకన్న చిన్నవాటికి ఐచ్ఛికం. మంచి విధానమే. కాని అది మేడ మీది కప్పును చూసింది, వాకిలి మీది కప్పును చూడలేదు. మా ప్రాంతంలో 600 గజాల ఇల్లున్నవాడు ఎండకు చావడు, వాడికి చల్లబరిచే యంత్రాలున్నాయి. ఇందిరమ్మ ఇళ్ల పథకం 2024లో మొదలయింది. ఐదు లక్షల సాయం, కనీసం 400 చదరపు అడుగుల ఇల్లు. అంత ఇంట్లో ఐదుగురున్నప్పుడు మిగిలిన ఇల్లంతా వాకిలే. ఆ వాకిలి మీద ఏమి వేసుకోవాలో ఎవరూ చెప్పలేదు. అప్పు చేసి రేకులే వేసుకుంటున్నారు.

కప్పుకు చూరు ఎందుకో మన రాజులకు తెలుసు, శిల్పులకు తెలుసు. పాలంపేట రామప్పగుడిని 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించాక ఎందరో వెళ్లి మదనికల అందాన్ని చూసి వస్తున్నారు. ఆ మదనికలు స్తంభాల నుండి బయటికి వంగి, ముందుకు చాచిన రాతి చూరును మోస్తున్న సంగతి ఎందరు గమనించారు? ఇంత అందం ఎండవానలను ఆపే పనిలోనే ఉంది. పదమూడవ శతాబ్దంలో రాతిచేత ఆ పని చేయించారు, ఇరవై ఒకటవ శతాబ్దంలో మనకు రేకును వంచడం కూడా చేతకాలేదు.

నా పాత శిష్యుడొకడు హైదరాబాదు శివారులో తన తోట ఇంటి ముందు రెప్పల పందిరి వేయించాడు. పిలిచి చూపించాడు. చేతిలోని మీట నొక్కగానే పలకలు పావురాలు రెక్కలు విప్పినట్లు లేచాయి. నాకు ముచ్చట వేసింది, దాచుకోను. ధర అడిగాను. చదరపుటడుగుకు వెయ్యి రూపాయలకు పై మాటే. అతని పందిరి ఖర్చుతో మా ఊళ్లో ఇంకొక ఇల్లు లేస్తుంది. ఇక కరెంటు పోతే పలకలు ఉన్నచోటే నిలిచిపోతాయి. కోతులు వస్తే ఏం చేస్తావని అడిగాను. అతడు నవ్వాడు. అక్కడింకా రాలేదట. రానీ, అప్పుడు చూద్దాం.

ధర ఎక్కువని ఆలోచనను పారవేయడం తెలివి కాదు. స్పెయిన్ దేశంలో కోర్డోవా, సెవిల్లె నగరాలు మనలాగే ఎండకు మాడేవి. అక్కడ ముంగిళ్ల మీద, ఇరుకు వీథుల మీద గుడ్డ తెరలు కడతారు. ఇంటి ముంగిలి మీది తెరను మధ్యాహ్నం తాడుతో లాగి మూస్తారు, సాయంత్రం తీస్తారు. రోమునగరపు క్రీడారంగం మీద ఇటువంటి తెరలను కట్టడానికి నావికులను నియమించేవారు. గాలిని, గుడ్డను, తాడును ఎరిగినవారు వాళ్లే కదా! మోటారు లేని కాలంలోనూ కప్పు కదిలింది. మన బజారులో దొరికే ఆకుపచ్చ నెట్టు చవకే. దాన్ని రెండు తీగల మీద ఉంగరాలతో కడితే తలుపు తెరలాగే జరుగుతుంది. వానకు మాత్రం అది పనికిరాదు.

అందుకని జనగామలో వెల్డింగు దుకాణం నడిపే ఒక యువకుణ్ణి పట్టుకున్నాను. ఇతడూ నా దగ్గర చదివినవాడే. ఛందస్సు అతనికి అంటలేదు గాని ఇనుము అతని మాట వింటుంది. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు చట్రం కట్టాడు. జానెడు వెడల్పు రేకు పలకలు పన్నెండు, ఒకదాని అంచు మరొకదాని మీదికి అంగుళం ఎక్కేటట్లు. పది అడుగుల పొడవున రేకు కుంగుతుందని ప్రతి పలక అడుగున సన్న గొట్టం అతికించాడు. పలకలన్నింటినీ ఒకే పట్టీకి తగిలించి, ఆ పట్టీకి ఒక తాడు కట్టాడు. పాత కచేరీ కిటికీ పద్ధతే. ముడిసరుకు, కూలి కలిపి పదహారు వేలయింది. అంటే చదరపుటడుగుకు రెండు వందలు.

పలకలను తూర్పు పడమరలుగా పరవమని నేనే పట్టుబట్టాను. కారణం చెబుతాను. జనగామ దాదాపు పదిహేడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 10 ప్రాంతాన మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, అక్కడినుండి ఆగస్టు మొదటిదాకా మధ్యాహ్నవేళ కొంచెం ఉత్తరానే ఉంటాడు. డిసెంబరులో మధ్యాహ్నం దక్షిణాన సగం ఎత్తుకే వస్తాడు. తూర్పు పడమరల పలకలను దక్షిణం వైపు తెరిస్తే చలికాలపు ఎండ వాకిట్లో పడుతుంది, మరికొంచెం ఒరిగిస్తే వేసవి ఎండ ఆగుతుంది. ఈ లెక్క యంత్రం అమ్మేవాడు చెప్పడు, చెప్పినా మీట నొక్కేవాడు వినడు. మన ఇళ్లకు దిక్కులు చూసి కట్టే అలవాటు ఉంది గదా, దాన్ని ఈ పనికి కొంచెం వాడుకుంటే వాస్తుపురుషుడు కోపగించడు.

కోతుల కోసం పలకలకు జానెడు పైన ఇనుప జాలీ పరిచాము. పలక లేచినా జాలీకి తగలదు, కోతి చేతికి పలక అందదు. మొదటి వానకు ఇరుసుల దగ్గర కారింది. అతడు పలక అంచును కొద్దిగా మడిచి గాడి చేశాడు. ఇప్పుడు నిలువు వానకు కారడం లేదు, ఏటవాలు జల్లుకు కొంచెం కారుతుంది. ఈదురుగాలి వస్తే పలకలు నిటారుగా నిలిపి తాడు బిగించి కట్టాలి, గాలి వాటి నడుమనుండి పోతుంది. రేకుల షెడ్డు గాలికి లేచి పక్కింటి మీద పడిందన్న వార్త లేని వేసవి మాకు లేదు కాబట్టి ఇది చిన్న లాభమేమీ కాదు.

ఐటీఐలలో, పాలిటెక్నిక్కులలో పిల్లలకు ఏటేటా గేట్లూ కిటికీ చువ్వలూ చేయిస్తున్నారు. వాటితోపాటు ఇటువంటి చట్రం ఒకటి చేయించవచ్చు. మా కుర్రవాడు గీసిన బొమ్మ అడిగినవారికి ఉచితంగా ఇస్తానన్నాడు. దాని మీద వ్యాపారం చేసుకునేవాళ్లు చేసుకోనీండి. చల్లని పైకప్పుల విధానంలో వాకిలి పందిరికి ఒక్క వాక్యం చేర్చి, 400 అడుగుల ఇంటికి ఈ పదహారు వేలలో సగం సాయంగా ఇస్తే ఖజానా కుంగిపోదు. ఇచ్చేవారు నేనడిగినదానికంటె మంచి నమూనాను అడిగినా నాకు అభ్యంతరం లేదు. ఆ పందిరి తెరుచుకోవాలన్నదొక్కటే నా పట్టుదల.

ఇంకా ఒక చిక్కు మిగిలి ఉంది, చప్పుడు. వాన పడితే రేకు రేకే. అడుగున ఈతచాప అతికిద్దామని కుర్రవాడు, వద్దు చెదలు పడుతుందని నేను వాదులాడుకుంటున్నాము. రెండవ చట్రం మానుకోటకు వెళ్లవలసి ఉంది. దాన్ని గురించి విన్నప్పుడు అక్క కోతులను గురించి అడగలేదు, ఖర్చును గురించి అడగలేదు. పడుకున్న మంచం మీదినుండి తాడు అందుతుందా అని అడిగింది. మూడు గజాలు ఎక్కువ కట్టమని చెప్పాను.